ముందు పలకరించని మనిషి

పూతలపట్టు క్రాసులో వెంకటముని టీ అంగడి తెరిచిన తొలిరోజే, ఒక పెద్దాయన ఎదురుగా బస్సు దిగాడు.

వెంకటముని చేతిలో గ్లాసు జారింది. స్టీలుది కాబట్టి బతికిపోయింది.

పెద్దాయన పేరు గంగాధరం. జైలు వార్డరుగా చేసి రిటైరయ్యాడు. ఆ జైల్లోనే వెంకటముని ఏడేళ్లు ఉన్నాడు. బోరు నీళ్ల తగాదాలో అతను కట్టె విసిరితే అవతలి మనిషి మళ్లీ లేవలేదు.

ఈ సంగతి తెలిసి రెండు ఊళ్లలో జనం అతని అంగడి మూయించారు. పూతలపట్టులో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇదీ పోతుంది. ఇంకో ఊరికి సామాను మోసే ఓపిక అతని భార్య పోలేరమ్మకు లేదు.

"ఒక టీ అప్పా," అంటూ గంగాధరం బెంచీ మీద కూర్చున్నాడు.

వెంకటముని ఆయన ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టిన జాడ లేదు.

మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. చిత్తూరులో బస్సెక్కి రావడం, ఒక టీ తాగడం, గంటసేపు రోడ్డు చూడటం, తిరుగు బస్సెక్కడం.

చిత్తూరులో టీ దొరకదా ఏమిటి?

"ఆయప్ప నన్ను గుర్తుపట్టినాడంటావా?" అని వెంకటముని భార్యను అడిగాడు.

"పట్టింటే పలకరించడా?"

"పట్టకపోతే దినామూ ఈడికెందుకొస్తాడు?"

పోలేరమ్మ గ్లాసులు కడగడానికి లేచింది.

ఒకరోజు పాల వ్యాను డ్రైవరు కదిలించాడు. "పెద్దాయనా, ఏం ఉద్యోగం సేసినావు?"

వెంకటముని టీ వడగట్టడం ఆపేశాడు.

"గవర్నమెంటు పనేలే. తలుపులు తీసేది, మూసేది."

"అటెండరా?"

"అట్లాంటిదే."

డ్రైవరు నవ్వాడు. వెంకటమునికి నవ్వు రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అది తనకు తగిలేట్టు అన్న మాటే అనుకున్నాడు. ఇవాళ తలుపులన్నాడు, రేపు జైలంటాడు, ఎల్లుండి తన పేరే చెప్తాడు.

ఎలాగైనా వదిలించుకోవాలనుకున్నాడు. చక్కెర వేయడం మానేశాడు. చల్లారిన టీ ఇచ్చాడు. గంగాధరం అదీ తాగి, "బాగుండాది" అన్నాడు. అబద్ధానికైనా హద్దుండాలి.

చివరికి ఒక ఉదయం, బెంచీ మీద ఇంకెవరూ లేనప్పుడు వెంకటముని తెగించాడు.

"రేపట్నించి నా అంగడికి రావద్దు పెద్దాయనా."

గంగాధరం తలెత్తాడు. "నా వల్ల ఏమన్నా ఇబ్బందా అప్పా?"

"ఇబ్బందే."

పెద్దాయన కాసేపు అతని వైపే చూశాడు, అతను ఇంకో మాట అంటాడేమోనని. వెంకటముని పొయ్యి వైపు తిరిగాడు. గంగాధరం లేచి, గ్లాసు తనే కడిగి బోర్లించి, బస్సెక్కాడు.

మళ్లీ రాలేదు. వెంకటమునికి ప్రాణం తేలికపడింది.

నెల తిరిగాక, అంగడి గది సొంతదారు శకుంతలమ్మ తలస్నానం చేసిన తడి జుట్టుతో వచ్చింది. ఆమెది ఎదురిల్లే.

"యాడికి పొయ్యొచ్చినావమ్మా?" అడిగింది పోలేరమ్మ.

"చిత్తూరుకు. మా పుట్టింటి పక్కన గంగాధరం అన్న పోయినాడు. ఈడికి రావడం మానేస్తే జబ్బేమో అనుకుంటి. ఫోన్లో అడిగితే, 'వాడు నిలదొక్కుకున్నాడు, ఇంక నాతో పన్లేదు' అన్నాడు."

"వాడంటే ఎవురు?" అన్నాడు వెంకటముని.

"నువ్వే. నీ సంగతి మొదట్నించీ నాకు తెలుసులే. గది అడిగినాక మీ పాత ఊర్లో విచారిస్తే చెప్పిరి."

వెంకటముని టీ గిన్నె దించేశాడు. "ఆయప్ప నన్ను ఒక్కనాడూ పలకరించలేదే అమ్మా."

"విడుదలైనోణ్ణి బయట చూస్తే వార్డరు ముందు పలకరించకూడదంట. నలుగుర్లో వాని పరువు పోతుందని. నువ్వే పలకరిస్తావని కాసుకోనుండె."

 వెంకటమునికి చల్లారిన టీలన్నీ గుర్తొచ్చాయి. పోలేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి దినామూ బస్సెక్కి ఎందుకొచ్చేవాడమ్మా?" అన్నాడు వెంకటముని.

"ఖూనీ కేసులో పొయ్యొచ్చినోనికి నా గది ఇయ్యనని ఆ అన్నతో అంటే, 'ఇయ్యమ్మా, వానికి నేను పూచీ, వాడు తప్పు చేస్తే నన్ను అడుగుదువు, దినామూ వచ్చి నీ కండ్లెదురుగానే కూసుంటా' అన్నాడు గదప్పా," అంది శకుంతలమ్మ.