ఆరుద్ర పురుగులు

"నా పొలంలోకి గట్టు జరుపుతావా!" అంటూ ఖేతా గొడ్డలితో వేటు వేశాడు. తమ్ముడు పూంజా థార్ ఇసుకలో, తొలివాన తడిలో బోర్లా పడ్డాడు. ఖేతా గొడ్డలి మళ్లీ ఎత్తాడు.

పూంజా నవ్వాడు. "గురి తప్పావన్నా! ఇంక దించు. ఆరుద్ర పురుగులొచ్చాయి, చూడు."

అవి కనబడిన రోజు మా వైపు ఇనుము దెబ్బ నేలకే తగలాలి, మనిషికి కాదు.

ఇసుక మీద ఎర్రటి చుక్కలు. ఖేతా గొడ్డలి పారేసి, చిన్నప్పటిలా ఒకదాన్ని వేలితో తాకాడు.

"కదలట్లేదేంట్రా?"

"ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి కదా. కాసేపాగు, నడుస్తాయి."

ఖేతా ఎర్రబడ్డ వేలు చూసుకున్నాడు. ఆరుద్ర పురుగు ఎరుపు వేలికి అంటదు.

"నడుస్తున్నాయా అన్నా?" పూంజా గొంతు సన్నబడింది.

"నడుస్తున్నాయిరా" అన్నాడు ఖేతా, తలపాగా విప్పి తమ్ముడి మెడకు అదిమిపెడుతూ.