ఇనుము తేలదండీ

ఫిబ్రవరి 9, ఆదివారం. ఈ రోజు పనులు: బట్టలు రెండు బకెట్లు, మినప వడియాలు ఒక చీరంత, మా ఆయన చేసిన పెట్టె మునిగిపోతే పైకి తీయడం మూడుసార్లు.

పెళ్లికి ముందులా నేను మళ్లీ సముద్రంలో చేపలు వేటాడటానికి వచ్చే వారం భీమిలి వెళ్తున్నాం. ఒడ్డు నుంచి ఈదుతూ వెళ్లి బల్లెంతో చేపలు కొట్టేవాళ్లు, వెనకాల తాడుతో ఒక పెట్టెను తేలుస్తూ లాక్కెళ్లాలి. పట్టిన చేపలు, మంచినీళ్లు అందులోనే. పడవలవాళ్లకు కనిపించేలా పైన జెండా ఉండాలి.

ముప్పై ఏళ్లుగా స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్న మా ఆయన హరినాథ్ గారు దాన్ని యాంగిల్ ఐరన్‌తో వెల్డింగ్ చేశారు. నీళ్లతొట్టిలో వేయగానే బుడుంగుమంది.

"ఇనుము తేలదండీ."

"మరి ఓడలు ఏటితో చేస్తారే?"

నేను మా ఊరి క్యాంప్ 2 పేటలోని చేపల బజారు నుంచి థర్మోకోల్ పెట్టె తెచ్చి, బట్టల తాడు కట్టి, ఎర్ర జాకెట్టు ముక్కను జెండాగా గుచ్చాను. తేలింది. అయినా ఆయన మోచేతులు ఆనించి నొక్కుతూనే ఉన్నారు.

"అందులో పెట్టేది చేపలండీ, ఏనుగు కాదు."

"చేపల సంగతి ఎవడిక్కావాలి? అలిసిపోతే నువ్వు దీన్నే పట్టుకుని తేలాల గదే!"

తాడు రెండో కొస నా నడుముకు కట్టి, ముడిని మూడుసార్లు లాగి చూశారు.

సముద్రం ఇంకా కనబడలేదు. అయినా, మళ్లీ చేపల వేటకు తీసుకెళ్తానని పెళ్లిలో ఇచ్చిన మాట, ఇరవై ఆరేళ్ల బాకీ, చెల్లు రాసేశాను.