కుడిపక్క ఫుట్‌రెస్ట్

అప్పాయమ్మ అల్లుణ్ణి కొట్టింది. కూతురి పెద్దకర్మ నాడు, విస్తళ్ల ముందు కూర్చున్న బంధువులంతా చూస్తుండగా, ఎడమ చెంప మీద కొట్టింది. దానికి క్షమాపణ లేదు. ఉండదు కూడా. కామెర్లతో కూతురు పోతే అల్లుణ్ణి కొట్టడం ఏ వైద్యమో ఆవిడకే తెలియాలి.

కొట్టి ఊరుకోలేదు. వాకిట్లో ఉన్న బుల్లెట్ బండిని చూపించి, "ఏడాది తిరక్కుండా దీని మీద ఇంకోత్తి ఎక్కుతాది. రాసెట్టుకోండి" అంది.

తవిటయ్య పోర్టులో క్రేను నడుపుతాడు. ఊరి బడిలో ఐదు దాకా చదివాడు. అక్కడ నేర్చుకున్నవి చాలావరకు మరిచిపోయాడు. చెంపదెబ్బ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి ఏడేళ్లుగా అతని బండి వెనకసీటు మీద ఆడమనిషి కూర్చోలేదు. వానలో తడుస్తూ పోయే సొంత చెల్లెల్ని కూడా ఎక్కించుకోలేదు. అత్త మాట అబద్ధం చెయ్యడమే అతనికి మిగిలిన సంసారం.

అలాంటి తవిటయ్య 1984లో ఒక శనివారం, గోపాలపట్నంలో జోజి మెకానిక్ షాపు ముందు బండి ఆపి, లేడీస్ ఫుట్‌రెస్ట్ కావాలన్నాడు.

పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన గవర్రాజు అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతనిదీ పోర్టులోనే పని. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇలాంటి వార్త టీ తాగుతూ వినేది కాదు.

"బావా! ముహూర్తం ఎప్పుడు?"

తవిటయ్య బండికి స్టాండు వేశాడు.

"పిల్లది ఏవూరో అదైనా సెప్పు."

"సింహాచలం."

జోజి బండి చుట్టూ తిరిగాడు. ఎడమపక్క పాత ఫుట్‌రెస్ట్ తుప్పుపట్టి వేలాడుతోంది. పోయిన భార్య కోసం వేయించింది.

"ఇది ఉంది కదేటి? గీకి రంగేసిత్తాను. నీకు ఖర్సే ఉండదు."

"దాని జోలికెళ్లకు. కుడిపక్కన పెట్టు."

"కుడిపక్కా?" జోజి ఆకాశం వైపు చూసి ప్రభువును తలుచుకున్నాడు. "లోకంలో ఆడోళ్లంతా ఎడమపక్కకి కాళ్లేసి కూకుంటారు. కుడిసేత్తో మొగుడి బుజం పట్టుకుంటారు. నువ్వు సెప్పినట్టు కూకుంటే ఎడమసేత్తో పట్టుకోవాల. దిగితే రోడ్డు మద్దెలో దిగాల. లారీ కింద పడితే మూడో పెళ్లి సేసుకుంటావేటి?"

"ఎడమసేత్తోనే పట్టుకుంటాది. పెట్టు."

"సైలెన్సరు అటే ఉంది. కోక కాలిపోతాది."

"దాని మీద రేకు కట్టు."

గవర్రాజుకు సంగతి అర్థమైపోయింది. అతనికి అన్ని సంగతులూ ఇలాగే, ఎవరూ చెప్పకుండా అర్థమవుతాయి.

"పెద్దావిడ పక్క పెద్దావిడకే ఉంచుతన్నాడురా జోజీ. కొత్తావిడకి కొత్త పక్క. నాయం తెలిసిన మనిషి మా బావ."

జోజి ధర చెప్పాడు. స్టీలు ప్లాంటు పని మొదలైన దగ్గర్నుంచి ఊళ్లో మోటారుసైకిళ్లు పెరిగాయి, వాటితో పాటు జోజి ధరలూ పెరిగాయి. తయారుగా దొరికేది ఎడమపక్కకే. కుడిపక్కకైతే కడ్డీ వంచాలి, వెల్డింగు చెయ్యాలి, రబ్బరు తొడగాలి. పైగా సైలెన్సరు మీద రేకు. మొత్తం నూట ఎనభై.

"ఆ డబ్బెడితే పాత సైకిలొత్తాది."

"అయితే సైకిలు కేరేజీ మీదే ఊరేగించు కొత్త పెళ్లాన్ని."

తవిటయ్య నుదురు రుద్దుకున్నాడు. వారానికి రెండుసార్లు తిప్పాలి. ఆటోవాడికి పోసేది ఇంతకన్నా ఎక్కువే అవుతుంది. ఆ లెక్క ఇట్టే తేలింది. తేలనిది ఒక్కటే. ఈ ఇనుపముక్క బిగించిన క్షణం, గడువు ఏనాడో దాటిపోయినా, లోకం కళ్లకి అప్పాయమ్మ జోస్యం నిజమైపోతుంది. ఏడేళ్లు ఖాళీగా తిప్పిన సీటు గంగలో కలుస్తుంది. గవర్రాజు ఉండగా పేపరువాళ్లకు కూడా పని ఉండదు. రేపటికల్లా పోర్టంతా, "అత్త ఆ రోజే సెప్పింది" అంటుంది. తలెత్తుకుని తిరగడానికి అతనికున్నది ఆ ఖాళీ సీటొక్కటే.

అయినా జేబులోంచి డబ్బు తీసి జోజి చేతిలో పెట్టాడు.

"పలక ఎడల్పుగా ఉండాల. సుట్టూ అంచు కట్టు. కాలు జారకూడదు."

"ఏటి, ఆవిడ కాలు ఒకసోట కుదురుగా ఉండదేటి?"

"ఉండదు."

గవర్రాజు తొడ చరుచుకున్నాడు. "కుదురులేని మనిషినా తెత్తన్నావు? ఇంట్లో నిలుత్తాదేటి బావా?"

"నా ఇంట్లో అడుగెట్టదు," అన్నాడు తవిటయ్య.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పెళ్లికి ముందే ఇంత కోపమైతే కాపురం బాగానే సాగుతుందనుకున్నారు.

సోమవారం పొద్దున్న తవిటయ్య సింహాచలం కొండ కింద ఒక ఇంటి ముందు బండి ఆపి హారను కొట్టాడు. బండి దిగలేదు. గుమ్మం వైపు చూడలేదు. పక్కింటావిడ సాయం పట్టగా, వచ్చిన మనిషి కుడిపక్కకి తిరిగి వెనక కూర్చుంది. కాళ్లకింద మెరుస్తున్న కొత్త ఇనుమును చూసింది. ఏదో అనబోయింది.

"ఆస్పత్రికి టైమైపోతంది, ఆనాటి మాట గానీ ఈనాటి మాట గానీ నాను జన్మలో ఎత్తను, నువ్వూ ఎత్తకు" అని తవిటయ్య వెనక్కి తిరక్కుండానే కిక్కు కొట్టాడు, ఒకప్పుడు అతని చెంప మీద పడిన కుడిచెయ్యి పక్షవాతంతో చచ్చుబడి ఒళ్లో పడి ఉండగా, అప్పాయమ్మ ఎడమచేత్తో అల్లుడి భుజం పట్టుకుంది.