లెక్కకు రాని ముద్ద

నాగవేణి లెక్క ప్రకారం తినడం మొదలుపెట్టి నాలుగో రోజు. అందరి కంచాల్లాగే ఆమె కంచమూ వడ్డించగానే పిండి పదార్థం ఎంత, ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత అని పైకి చదువుతుంది. హద్దు దాటితే సాయంత్రం పొయ్యిని వెలగనివ్వదు.

ఆ మధ్యాహ్నం అక్క భ్రమరాంబ ఆవకాయ కలిపి జాడీకెత్తింది. బేసినుకు అంటుకున్న కారంలో, నూనెలో వేడి అన్నం వేసి కలిపింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా ఇలాగే కలిపి, చుట్టూ చేరినవాళ్ళకి తలో ముద్ద పెట్టేది.

"కంచంలో పెట్టక్కా, తూచాలి," అంది నాగవేణి.

అక్క ముద్ద పెట్టింది. "నూనె ఎంత వేశారు?" అని అడిగింది కంచం.

"చేతికి తెలిసినంత," అంది అక్క విసుగ్గా.

"కొలత అర్థం కాలేదు. నూనె ఎంత వేశారు?"

నాగవేణికి అమ్మ వేళ్ళు పెదవులకు తగిలినట్టయింది. కంచంలోని ముద్ద తీసి మళ్ళీ బేసినులో వేసేసింది.

"నోట్లో పెట్టవే అక్కా."

"యాభై దాటాక గారాబమా!" అంటూనే అక్క ఒక ముద్ద పెట్టింది. ఆ తర్వాత ఇంకోటి.

"నాగవేణి గారూ, మీరింకా భోజనం మొదలుపెట్టలేదు," అని గుర్తుచేసింది ఖాళీ కంచం.

"కళ్ళెమ్మట నీళ్ళేంటే? కారమా?" అంది అక్క.

"కాదు. చిన్నది పెట్టావు. అమ్మ పెట్టినంత పెట్టు."

అక్క చెయ్యి బేసినులోనే ఆగిపోయింది. అమ్మ ఎంత పెట్టేదో ఆమెకీ గుర్తులేదు.