అమ్మల చాప

శనివారం వచ్చిందంటే రామలక్ష్మమ్మకు ఒళ్లు మండేది.

ఆ సాయంత్రం నంద్యాల బస్సు దిగి నర్సు సలోమి వస్తుంది. ఆళ్లగడ్డ చర్చి పక్కనున్న బడి గది తెరుస్తారు. సుబ్బలక్ష్మి తల దువ్వుకుని, రిబ్బను కట్టుకుని, అన్నం కూడా సరిగా తినకుండా పరుగు తీస్తుంది. మళ్లీ దీపాలు పెట్టే వేళకు గానీ ఇల్లు చేరదు. చేరాక నోట్లో ఒకటే పాట. సలోమక్క ఇట్లా అనింది, సలోమక్క అట్లా అనింది.

"ఆ యమ్మ చెప్తేనే నీకు ఎక్కుతాదా? ఇంట్లో చెప్పేది చెవిన పడదా?" అంది రామలక్ష్మమ్మ ఒకరోజు, చేటలో కొర్రలు చెరుగుతూ.

"నువ్వేం చెప్పినావమ్మా నాకు?" అంది సుబ్బలక్ష్మి.

నిజమే. చెప్పడానికి ఏముందో రామలక్ష్మమ్మకూ తెలియదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆ శనివారం కూడికకు పిల్లల ఆరోగ్య సంఘమని పేరు. ఎనభై మూడులో మొదలుపెట్టారు. చర్చి ఆడవాళ్లూ రైతుల ఇళ్ల ఆడవాళ్లూ ఒకచోట కూర్చోవడమే అప్పట్లో పెద్ద విశేషం. చర్చి తరఫున టీచరు జీవమ్మ, రైతుల తరఫున పై వీధి సరస్వతమ్మ ఇల్లిల్లూ తిరిగారు. ఎదిగే ఆడపిల్లలకు రక్తం చాలక కళ్లు తిరుగుతున్నాయి, నెలసరి సంగతి అడుగుదామంటే దిక్కులేదు, పంపండి అని బతిమాలారు. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పెళ్లైన ఆడవాళ్ల మాటలు పెళ్లికాని పిల్లల చెవిన పడకూడదు. అందుకని గదిలో పిల్లల చాప, వరండాలో అమ్మల చాప.

మొదటి శనివారం రామలక్ష్మమ్మ కూడా వెళ్లింది. గడపలో కాలు పెట్టబోతుంటే జీవమ్మ ఆమె మెడలో తాళి, కాలి మెట్టెలు చూసి, "అమ్మలు ఆ పక్క" అని వరండా చూపించింది. అక్కడ నీళ్లు కాచి తాగమన్నారు, ఆకుకూరలు వండమన్నారు, బిడ్డలను మానిపించకుండా పంపమన్నారు. అంతే. లోపల మాత్రం ఒకటే నవ్వులు. పిల్లలే ఒకరినొకరు తూకం వేసుకుంటున్నారు. ఒక పిల్ల సిగ్గుపడే ప్రశ్న అడిగితే మిగతావాళ్లు నోటికి ఓణీలు అడ్డం పెట్టుకున్నారు. నర్సు మాత్రం నవ్వకుండా జవాబు చెప్పింది. చెబుతూనే సుబ్బలక్ష్మి జడ ఊడిపోతుంటే దగ్గరకు లాక్కుని అల్లింది. కిటికీలోంచి చూస్తున్న రామలక్ష్మమ్మ లేచి ఇంటికి వచ్చేసింది. మళ్లీ అటుకేసి పోలేదు.

ఆ గదిలో పెట్టే వేరుశనగ బుడ్డల ఉండ సుబ్బలక్ష్మి సగం దాచి తెచ్చేది. "నాకేం అక్కర్లేదు పో," అనేది రామలక్ష్మమ్మ. తినాలని లేక కాదు.

పద్నాలుగేళ్ల సుబ్బలక్ష్మి చూస్తుండగానే తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. తాడాటలో అందరినీ ఓడించింది. పిల్లలంతా కలిసి సుబ్బలక్ష్మినే తమకు లీడరుగా పెట్టుకున్నారు. ఆ మాట విన్న రోజే రామలక్ష్మమ్మ బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి కూలబడింది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి సుబ్బలక్ష్మి ఆడుకునే తాడు తీసి పొయ్యిలో పెట్టింది.

"ఇంక నువ్వు ఆడికి పోయేది లేదు," అంది.

సుబ్బలక్ష్మి ఏడ్చుకుంటూ నాయన దగ్గరకు పోయింది. చెన్నకేశవులు రాతి విగ్రహాలు చెక్కే మనిషి. ఉలి ఆపకుండానే, "మీ అమ్మ వద్దంటే వద్దు," అన్నాడు.

ఒకరిని చూసి ఒకరు. ఆ వీధిలో మిగతా తల్లులు కూడా బిడ్డలను ఆపేశారు. ఇట్లా అయితే గదికి తాళం పడుతుందని సరస్వతమ్మకు భయం పట్టుకుంది. సలోమిని వెంటబెట్టుకుని నేరుగా ఇంటికే వచ్చింది.

"మావల్ల ఏం తప్పు జరిగిందమ్మా?" అంది సలోమి అరుగు మీద కూర్చుంటూ.

"తప్పేముంది. అన్నీ మీరే అయిపోతిరి దానికి. జడేసేది మీరే, కడుపునొప్పి సంగతి అడిగేది మీరే. నన్నెవరన్నా అడిగినారా?"

"బిడ్డ మీద కుళ్లేందే నీకు?" సరస్వతమ్మ విసుక్కుంది.

"కుళ్లే. అది నవ్వుకుంటా వస్తాంటే చూడలేకుండా ఉండా."

తలుపు వెనక సుబ్బలక్ష్మి నిలబడి వింటోంది. ఈ మాటతో అంతా అయిపోయిందనుకుంది.

సలోమి మాత్రం కోపం తెచ్చుకోలేదు. "పంపు తల్లీ. ఇప్పుడిప్పుడే ఆ పిల్లకు రక్తం పడతాంది. నడిమధ్యలో మానిపిస్తే మళ్లా మొదటికొస్తాది."

"పంపిస్తా. నా మాట ఒకటి మీరు ఒప్పుకోవాల."

"ఏందది?"

"నన్ను గూడా లోపల కూర్చోబెట్టుకోండి."

సరస్వతమ్మకు నవ్వాగలేదు. "సంసారం చేసుకునేదానివి, ఆ పిల్లకాయల నడుమ నీకేం పనే?"

రామలక్ష్మమ్మ సలోమి వైపు తిరిగింది.

"నేను సుబ్బలక్ష్మి కన్నా రెండేండ్లే పెద్దదాన్నక్కా."