అరగని మినుములు

జంపని ఇంకా దాటకముందే పాండురంగారావు కారు పొగలు కక్కింది.

ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద కూర్చుంది. దిగి బానెట్ ఎత్తితే మొహాన వేడి కొట్టింది.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, శివరాత్రి వెళ్లిన వారం. తెనాలి స్టేషన్ దగ్గర టాక్సీ తోలుకుని బతికేవాడికి కారే కాడెద్దు. ఆ కాడెద్దు నెల రోజులుగా అయిదారు మైళ్లకే రొప్పుతోంది. ముగ్గురు మేస్త్రీలు చూశారు. నీళ్ల పంపు మార్చారు, ఫ్యాన్ బెల్టు మార్చారు, ఇంకేమీ తోచక అమ్మేసుకోమన్నారు.

బేరం తెచ్చింది బ్రోకరు ఏసుపాదం. కొనేది రేపల్లె జమాలుద్దీన్. కారు ఇవాళ ఆయన ఇంటికి తీసుకెళ్లి చూపించాలి. ఆయన్ని మోసం చెయ్యడం బ్రహ్మతరం కూడా కాదని ఏసుపాదం ముందే భయపెట్టి పంపాడు.

కారు పోతే ఇక ఎవరి కారుకో జీతపు డ్రైవరు. ఆ మాట తలుచుకుంటేనే పాండురంగారావుకి ఏడుపొస్తోంది.

రేడియేటర్ మూత తియ్యబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. రోడ్డు పక్క జంపని టీ బడ్డీ బల్ల మీద నుంచి లేచి వచ్చిన పెద్దాయన. లుంగీ, మాసిన చొక్కా, చంకలో మడతపెట్టిన పేపరు.

"ఇప్పుడు తీస్తే మొహం ఉడికిపోద్ది అబ్బాయ్. చల్లారనీ."

కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. తాను ముప్పై ఏళ్లు లారీ తోలానని చెప్పి, ఎక్కడికి ప్రయాణమని అడిగాడు.

కష్టంలో ఉన్నవాడికి వినేవాడు దొరికితే నోరు ఆగదు. పాండురంగారావు అంతా చెప్పేశాడు. రేపల్లె పొలిమేరలో గంటసేపు ఆపి, ఇంజన్ చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి చూపిస్తానన్న రహస్యం కూడా దాచలేదు.

"ఎక్కడా అనకండి బాబాయ్. ఆ కొనే ఆయన గట్టి పిండమంట."

"నేనెందుకంటాను," అని పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు.

చల్లారాక నీళ్లు పోయించి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. పేపరు ముక్క చింపి రేడియేటర్ ముందువైపు ఆనించి వదిలాడు. అది జారి కింద పడింది.

"ఫ్యాన్ తిరుగుతుంటే కాగితం అతుక్కుపోవాలి. గాలి ఆడట్లేదు. మీ మేస్త్రీలు నీళ్లు చూశారు గానీ గాలి చూళ్లేదు."

తర్వాత ఒక చిత్రమైన ప్రశ్న వేశాడు. రైతులు నూర్పిడికి రోడ్డు మీద మినుముకట్టె పరిస్తే ఏం చేస్తావని.

పాండురంగారావు కాస్త గర్వంగానే చెప్పాడు. తొక్కించమని అడిగితే తను ఎవరినీ కాదనడు. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తోలిపెడతాడు. వాళ్లూ ఊరికే పంపరు, కాసిని మినుములు కార్లో పోస్తారు. ఈ ఏడు అతని భార్య దుర్గాంబ మినుములు కొన్న పాపాన పోలేదు. వారానికి రెండుసార్లు ఇంట్లో గారెలే.

"గారెలు తిన్నది మీరు, అరగనిది కారుకి," అన్నాడు పెద్దాయన.

ఇంజన్ ఆపించి, చీపురుపుల్లతో రేడియేటర్ రేకుల సందుల్లో ఓపిగ్గా గీకాడు. నల్లటి పొట్టు, నుసి దోసిళ్ల కొద్దీ రాలింది. వెనకవైపు నుంచి నీళ్లు కొట్టించాడు. మళ్లీ స్టార్ట్ చేయించి కాగితం పెడితే ఈసారి అంటుకుని కదల్లేదు.

పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీసి వేశాడు, ఇంజన్ చప్పుడు చెవి పెట్టి విన్నాడు. బానెట్ దించి, దాన్ని మెల్లగా నిమిరాడు.

"బంగారంలాంటి బండి. దీన్ని అమ్ముకోకు అబ్బాయ్."

రేపల్లె దాకా వస్తే దింపుతానంటే, తనకి తెనాలి వైపు పనుందని వచ్చిన బస్సెక్కేశాడు. ఆ సంతోషంలో పాండురంగారావుకి ఆయన పేరు అడగాలని కూడా తోచలేదు.

అక్కణ్ణించే వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. కానీ అవతల మనిషి ఎదురుచూస్తుంటాడు, చెప్పకపోవడం మర్యాద కాదు. పైగా కారు పరీక్షా అయినట్టుంటుంది. రేపల్లె చేరేదాకా ముల్లు సగం దాటలేదు. దారి పొడుగునా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

జమాలుద్దీన్ ఇంట్లో ఆయన భార్య నూర్ బీ ఒక్కతే ఉంది. పాండురంగారావు చేతులు జోడించి, కారు బాగుపడిందనీ, ఇక అమ్మదలచుకోలేదనీ చెప్పాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. సొంత కారు కోసం ఆయన రెండేళ్లుగా తిరుగుతున్నాడని, ఇదైనా కుదురుతుందనుకున్నామని అంది. అయినా కూర్చోమని మంచినీళ్లిచ్చింది.

"ఆయన్ని పిలవండమ్మా, నేనే చెప్పి క్షమించమంటాను."

"ఇంట్లో లేరు బాబూ. గుమ్మంలో నిలబెట్టిన కారు నిజం చెప్పదు, దారిలో చూడాలంటూ పొద్దున్నే మొదటి బస్సుకి జంపని వెళ్లారు."