బసవయ్య గారి క్యారేజీ

కాలేజీ గేటు దగ్గర రామకోటేశ్వరరావు ఖాళీ క్యారేజీ తెచ్చి బాలశౌరి చేతిలో కుక్కాడు.

“ఇది తీసుకెళ్ళి మా నాన్నకే ఇచ్చెయ్. ఇక నాకు తిండి పంపడంట. ఆకలితో చచ్చినా నేను మాత్రం చదువు మాననని చెప్పు.”

బాలశౌరిది క్యారేజీల పని. రోజూ పొద్దున్నే హనుమాన్ జంక్షన్‌లో చుట్టుపక్కల ఊళ్ళ క్యారేజీలన్నీ పోగేసి, బస్సు టాపు మీద కట్టి, బెజవాడలో చదివే పిల్లలకు అందిస్తాడు. సాయంత్రం ఖాళీలు పట్టుకెళ్తాడు. యాభై దాటిన మనిషి. మెడలో నల్లతాడుకి చిన్న శిలువ. మాట తక్కువ.

మూత మీద చెక్కిన ‘బసవయ్య’ అనే పేరు ఒకసారి చూసి, సరేనండి అని వెళ్ళిపోయాడు.

గొడవంతా ఆ డెబ్బై నాలుగు దసరా సెలవుల్లో మొదలైంది. కొత్తగా చేరిన బి.ఏ.లో ఇంగ్లీషు పాఠాలు కోటేశ్వరరావుకు కొరుకుడు పడలేదు. మొదటి పరీక్షలు తప్పాడు. ఆ మార్కులు చూసి తండ్రి బసవయ్య, ఇక వెలగబెట్టింది చాల్లే, వచ్చి రైసు మిల్లులో కూర్చోమన్నాడు.

కొడుకు కూర్చోనన్నాడు.

ఏడాది ఫీజూ, భవానీపురంలో గది అద్దే ముందే కట్టేశాడు కనక బసవయ్య ఆపగలిగింది తిండి ఒక్కటే. అది ఆపేశాడు. కడుపు కాలితే వాడే వస్తాడన్నాడు.

ఆ రోజు కుళాయి నీళ్ళతో గడిచింది.

మర్నాడు మధ్యాహ్నం అదే క్యారేజీ నిండుగా వచ్చింది. బాలశౌరి తీసుకోండి అన్నాడంతే.

కోటేశ్వరరావును పట్టపగ్గాల్లేవు. మా నాన్న రెండ్రోజులు కూడా నిలవలేకపోయాడు, దిగొచ్చాడు అని గదిలో వాళ్ళందరికీ చాటాడు.

తీరా మూత తీస్తే ముతక బియ్యం అన్నం, గోంగూర పచ్చడి, నీళ్ళ మజ్జిగ.

రైసు మిల్లువాళ్ళింట్లో ముతక బియ్యమా? ఓహో, నోటికి సయించక నేనే పరిగెత్తుకొస్తాననా, చూద్దాం అనుకుని మెతుకు మిగల్చకుండా ఊడ్చి తిన్నాడు. అంత పంతం అతనిది.

ఆ పంతంతోనే చదివాడు. తన ఇంగ్లీషు విని క్లాసంతా నవ్వినా కూర్చునేవాడు కాదు. ఇంకో ప్రశ్న అడిగేవాడు. సంక్రాంతికి కూడా ఊరికి వెళ్ళలేదు.

డిసెంబరు ఆఖర్లో ఒకరోజు కోడికూర, గారెలు వచ్చాయి. అమ్మ గట్టిగా మాట్లాడి ఉంటుందనుకున్నాడు.

బాలశౌరి మీద మాత్రం ఊరికే ఎగిరేవాడు. ఆలస్యమైనా అతని తప్పే, చారు కారినా అతని తప్పే. ఒకరోజు క్యారేజీ వెనక్కి తోసి, రోజూ ఇదే తిండా, నేను తినను పొమ్మన్నాడు.

బాలశౌరికి కోపం రావడం ఆ ఒక్కసారే.

“తినకపోతే క్లాసులో ఎట్టా కూచుంటారండీ? తినండి. తిని ఆ ఇంగ్లీషు సంగతేదో చూడండి.”

క్యారేజీలు మోసేవాడికి ఇంగ్లీషు సంగతెందుకో అని గొణుక్కుంటూ తిన్నాడు కోటేశ్వరరావు.

ఏప్రిల్‌లో పరీక్షలప్పుడు బాలశౌరి రాలేదు. ఎవరో కొత్త మనిషి తెచ్చిచ్చాడు. ఆఖరి పరీక్ష దివ్యంగా రాసి, ఖాళీ క్యారేజీ చేత పట్టుకుని ఊరికి బస్సెక్కాడు కోటేశ్వరరావు.

తిన్నగా వెళ్ళి దాన్ని తండ్రి ముందు పెట్టాడు.

“ఇదిగో నాన్నా, ముతక బియ్యం పెట్టినా పారిపోలేదు. పరీక్షలు రాసే వచ్చాను.”

బసవయ్య తెల్లబోయాడు.

“నేనెక్కడ పెట్టానురా? దసరా తర్వాత ఈ ఇంట్లోంచి నీకు ఒక్క మెతుకు రాలేదు. మీ అమ్మనడుగు.”

తల్లి రావమ్మ కళ్ళొత్తుకుంటూ అవునంది.

కోటేశ్వరరావు క్యారేజీ మూత వంక చూశాడు. ఆ క్యారేజీ తను ఎవరి చేతిలో కుక్కాడో గుర్తొచ్చింది.

“బాలశౌరి,” అన్నాడు.

“ఆరు నెలలు, మనం నీళ్ళు కూడా ముట్టని ఆ పేటలో కూడు తిన్నావురా?” బసవయ్య మొహం ఎర్రబడింది.

“తిన్నాను. ఇప్పుడెళ్ళి మళ్ళీ తింటాను. చేతనైతే ఆపు.”

జంక్షన్ పక్కన పేటలో అడుగుతూ అడుగుతూ ఆ ఇంటికి చేరాడు. బాలశౌరి భార్య దానమ్మ తెల్లచీరలో గడప దగ్గర కూర్చుని ఉంది. బాలశౌరి గుండెనొప్పితో పోయి తొమ్మిది రోజులైందట.

అంటే పరీక్షలున్నన్నాళ్ళూ, ఆ దుఃఖంలోనే ఆమె వండి పంపింది. కోటేశ్వరరావు సిగ్గుతో చితికిపోయాడు. తను అన్న మాటలన్నీ తిరిగి తననే పొడిచాయి.

“ఆయన పోయాక కూడా నాకెందుకు పంపావమ్మా?”

దానమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

“పరీక్షలయ్యేదాకా ఆపొద్దన్నాడు బాబూ. కుర్రతనంలో ఆయనా మీ కాలేజీలోనే చేరాడు, తిండి జరక్క రెండో నెల్లోనే తిరిగొచ్చేశాడు.”